చల్లని తల్లి, వెచ్చని ఒడి

సందేహం: ‘వెచ్చని స్వాగతం’, ‘వెచ్చని స్నేహం’ అని తరచు రాస్తున్నారు. ఇవి తెలుగేనా? ఒంటికి వెచ్చదనం తగిలితే ఎదుటివారి మీద ఆప్యాయత పెరుగుతుందని శాస్త్రజ్ఞులే చెప్పారట. ‘వెచ్చించు’ కూడా ఈ మాటలోంచి వచ్చిందేనా?

సమాధానం: ‘వెచ్చని స్వాగతం’ ఇంగ్లీషు ‘వార్మ్ వెల్‌కమ్’కు అనువాదం. ‘వెచ్చని ఒడి’, ‘వెచ్చని కౌగిలి’ మాత్రం అచ్చ తెలుగు. ఒడిలో ఒంటి వేడి నిజంగా తగులుతుంది, స్వాగతానికి ఒళ్లెక్కడిది?

మన నుడికారంలో ఆప్యాయత చల్లనిది. చల్లని తల్లి, చల్లని చూపు, చల్లని మాట అంటాం. ‘చల్లగా ఉండు’ అని దీవిస్తాం. వేడి కోపానికీ దుఃఖానికీ చెందింది. మాటల్లో వేడి పెరిగిందంటే తగాదా ముదిరినట్టే. సంతాపంలో, పశ్చాత్తాపంలో ఉన్నదీ తాపమే. కావ్యభాషలో ‘వెచ్చనూర్చు’ అంటే నిట్టూర్చడం. ముభావంగా పలకరించడాన్ని ఎవరైనా ‘చల్లని స్వాగతం’ అని అనువదిస్తే, చదివినవారు అతిథికి మంచి మర్యాదే జరిగిందనుకుంటారు!

ఇక శాస్త్రం సంగతి. విలియమ్స్, బార్గ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2008లో ఒక ప్రయోగం ప్రచురించారు. వేడి కాఫీ కప్పు కాసేపు పట్టుకున్నవారు, చల్లని కాఫీ పట్టుకున్నవారి కంటే, ఒక అపరిచిత వ్యక్తిని ఎక్కువ స్నేహశీలిగా అంచనా వేశారట. తర్వాత ఎక్కువమందితో మళ్లీ చేసి చూస్తే ఆ ఫలితం నిలవలేదు. దాన్ని నమ్ముకుని వ్యాకరణం మార్చుకోలేం. నాకు గట్టిగా తోచే ఉదాహరణ వేరే ఉంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి ఉంచే ‘కంగారూ సంరక్షణ’ 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైంది. తల్లి ఒంటి వేడి బిడ్డ ఒంటిని చల్లబడనివ్వదు. అక్కడ వెచ్చదనాన్నీ స్పర్శనూ విడదీయలేం.

తెలుగు పట్టుకున్నది ఆ స్పర్శనే. దగ్గరితనానికి ‘అక్కున చేర్చుకోవడం’, మనసుకు ‘హత్తుకోవడం’. దూరానికి ‘అంటీముట్టనట్టు’ ఉండటం. ఇన్ని ఉండగా స్వాగతాన్ని కాచి వెచ్చబెట్టడం దేనికి? ‘ఆత్మీయ స్వాగతం’ చాలు. కవి ‘వెచ్చని స్నేహం’ అంటే నేను కలం పట్టుకుని దిద్దను. వార్తలో కనిపిస్తే దిద్దుతాను.

‘వెచ్చించు’కూ వెచ్చదనానికీ చుట్టరికం లేదు. వ్యయానికి వికృతి వెచ్చం. దానిలోంచే వెచ్చించడం, సరుకుల వెచ్చాలు వచ్చాయి.