సొంత పెరట్లోని చెట్టుకూ అనుమతి కావాలా?

ప్రశ్న: నల్లగొండలో మాకు రెండు వందల గజాల స్థలం ఉంది. అందులో మా నాన్నగారు నాటిన వేపచెట్టు కొమ్మలు ఆ మధ్య మాడిపోయినట్టు ఎండాయి. ఇప్పుడు ఒక పక్క చిగురు కనిపిస్తోంది. ఇల్లు కడదామంటే మేస్త్రీ ‘ఎండిన చెట్టే గదా, ఒక పూటలో కొట్టేద్దాం’ అంటున్నాడు. పక్కింటివారేమో జరిమానా పడుతుందంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: పక్కింటివారి మాటే వినండి. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు 2002లో వచ్చిన ‘వాల్టా’ చట్టం తెలంగాణలోనూ అమల్లో ఉంది. స్థలం పట్టా మీ పేరున ఉన్నంత మాత్రాన అందులోని చెట్టును అడగకుండా నరికే హక్కు రాదు. సర్కారు తుమ్మ, సుబాబుల్ వంటి కొన్ని జాతులకు మినహాయింపు ఉంది గాని, వేపను ఆ లెక్కలో వేసుకోకండి. స్థలం కాగితాలు, చెట్టు ఫొటోలు జతచేసి, కారణం వివరిస్తూ అటవీ శాఖకు దరఖాస్తు చేసుకోవాలి. సిబ్బంది వచ్చి చెట్టును చూసి వెళ్ళాక, రాతపూర్వక ఉత్తర్వు చేతికి అందేదాకా గొడ్డలి పడకూడదు. మున్సిపాలిటీ ఇచ్చే ఇంటి నిర్మాణ అనుమతి వేరు, చెట్టు అనుమతి వేరు; మొదటిది ఉంది గదా అని రెండోదాన్ని వదిలేసి చిక్కుల్లో పడేవారే ఎక్కువ.

అయితే దరఖాస్తు కంటే ముందు చూడవలసింది ఆ చిగురును. 2021 నుంచి తెలంగాణ అంతటా వేపలకు కొమ్మల చివరి నుంచి ఎండుకుంటూ వచ్చే శిలీంధ్ర తెగులు సోకింది. చెట్టు చచ్చిందనుకుని చాలామంది నరికించారు. నరకకుండా వదిలేసిన వాటిలో ఎన్నో తరువాతి కాలంలో మళ్ళీ ఆకు తొడిగాయి. ఎండిన కొమ్మలను కొంత పచ్చి భాగంతో సహా కత్తిరించి తగలబెట్టడం, వ్యవసాయాధికారి చెప్పిన మోతాదులో కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశక మందు పిచికారీ చేయడం ఇందుకు వైద్యం. మన పాలమూరు పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు 2018లో సెలైన్ సీసాల ద్వారా మందెక్కించి కాపాడుకున్న సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మీ వేపకు అంత హంగామా అవసరం లేదు.

చెట్టు స్థలం అంచున ఉంటే, ముగ్గు పోయించే ముందే ప్లాను గీసేవారికి దాన్ని చూపించండి. వదలవలసిన ఖాళీ స్థలంలోనే అది ఇమిడిపోవచ్చు. నీరు, పోషకాలు పీల్చే సన్నని వేళ్ళలో ఎక్కువ భాగం నేలపై పొరలోనే, సుమారు రెండడుగుల లోతులోపే ఉంటాయి కనుక పునాది గోతిని చెట్టు మొదలుకు ఆనుకుని తవ్వించకండి. తవ్విన మట్టి మొదలు చుట్టూ పోయనివ్వకండి. సిమెంటు కలిపిన తట్టలు అక్కడ కడగనివ్వకండి. మొదలు దాకా గచ్చు చేయించడం మరీ తప్పు.

చెట్టు సరిగ్గా నడిమధ్యన ఉండి తీయక తప్పకపోతే, బదులుగా మొక్కలు నాటాలనే షరతు అనుమతితో పాటే వస్తుంది. ఎన్ని నాటాలో ఉత్తర్వులో చూసుకోండి. ఫొటో కోసం నాటి వదిలేస్తే షరతు తీరిందనుకోవడం నా దృష్టిలో ఆత్మవంచనే. 2019 మున్సిపాలిటీల చట్టం పురపాలికల బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించమంది, నాటినవాటిలో 85 శాతం బతకాలంది. అంటే పురపాలికలకు కూడా లెక్క బతికిన మొక్కలదే. వానాకాలం మొదట్లో నాటి, కంచె కట్టి, కనీసం రెండు వేసవులు నీళ్ళు పోయాలి.

జరిమానా కట్టేస్తే పోతుంది గదా అనే ధైర్యం కూడా వద్దు. ఉత్తరప్రదేశ్‌లో తాజ్‌మహల్ పరిరక్షణ పరిధిలో, ప్రైవేటు భూమిలో అనుమతి లేకుండా నరికిన 454 చెట్లకు చెట్టుకు లక్ష రూపాయల చొప్పున వేసిన జరిమానాను 2025లో సుప్రీంకోర్టు తగ్గించలేదు. అక్కడి ఆంక్షలు వేరు, మనవి వేరు. కాని కోర్టుల ధోరణి తెలుస్తుంది.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో మా ఇంటి ముందు రోడ్డు అంచున మేమే కానుగ నాటి పెంచాం. కొమ్మలు కరెంటు తీగలకు తగులుతున్నాయి. మేమే కొట్టించవచ్చా?

జవాబు: నీళ్ళు పోసింది మీరే అయినా, రోడ్డు స్థలంలో ఉన్న చెట్టు మీ సొంతం కాదు. పైగా తీగల దగ్గర కత్తి పట్టడం ప్రాణాలతో చెలగాటం. విద్యుత్ సిబ్బందికి చెబితే లైను ఆపి, ఎల్సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైనులో కరెంటు లేదని పని చేసుకోవడానికిచ్చే అనుమతి) తీసుకుని కొమ్మలు తీస్తారు. ఆ సమయంలో మీరు దగ్గరుండి, తీగకు అడ్డొచ్చే కొమ్మల వరకే తీయమని అడగండి. లేకపోతే పని తొందరలో చెట్టును మోడు చేసి వెళ్ళే అవకాశం ఉంది.