బేకింగ్, కుక్క, కొండ నడక: మూడూ కలిసి సాగుతాయా?

"ఉద్యోగం చేసుకుంటూ ఇంట్లో బ్రెడ్డు, కేకులు చేసుకోవడం, కుక్కను పెంచడం, సెలవు దొరికితే కొండలెక్కడం, ఈ మూడూ సాధ్యమేనా? ఏదో ఒకటి వదులుకోవాలా?" అని అడిగారు.

సాధ్యమే. వదులుకోవాల్సింది ఏదైనా ఉంటే అది పదిమందితో గుంపుగా కొండలెక్కే అలవాటు. ఎందుకో కింద చెబుతాను. ముందు సమయం సంగతి తేల్చేద్దాం, అందరూ భయపడేది దానికే కాబట్టి.

బ్రెడ్డుకు రోజంతా పడుతుందనేవాళ్లు తమ పనినీ ఈస్టు పనినీ కలిపి లెక్కేస్తారు. మన చేతులకు పని అరగంటకు మించి ఉండదు. మిగిలింది పిండి తన పాటికి తాను చేసుకుంటుంది. రాత్రి భోజనమయ్యాక పిండి, నీళ్లు, ఉప్పు, చిటికెడు ఈస్టు కలిపి, కాస్త పొంగనిచ్చి ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. 4 డిగ్రీల చలిలో ఈస్టు చావదు, మందగిస్తుంది, అంతే. 12 గంటలైనా 18 గంటలైనా మన కోసం ఆగుతుంది. పైగా రుచి పుట్టేది ఈ ఆలస్యంలోనే. గంటలో పొంగించి కాల్చిన బ్రెడ్డుకు ఆ కొద్దిపాటి పులుపు, ఆ వాసన ఎక్కడినుంచి వస్తాయి?

తెల్లవారుతుండగానే బొగ్గు మంచం పక్కన నిలబడి ముక్కుతో పొడుస్తాడు. బొగ్గు మా కుక్క, పేరుకు తగ్గ నలుపు. వాడికి ఆదివారం లేదు, జ్వరం వచ్చిందంటే జాలీ లేదు. లేచి, పిండి బయటికి తీసి, ముద్దగా చుట్టి, వాడికి అందని అలమరలో పెట్టి తలుపు వేసి నడకకు వెళ్తాం. తిరిగొచ్చేసరికి అది మళ్లీ ఉబ్బి ఉంటుంది. వేలితో నొక్కితే పడ్డ గుంట నెమ్మదిగా, సగం వరకే పూడితే కాల్చడానికి సిద్ధమైనట్టు. మూతున్న బరువైన ఇనుప పాత్రను ఓవెన్‌లో 230 డిగ్రీలకు బాగా కాగనిచ్చి అందులో వేస్తే, పిండిలోని తడే ఆవిరై పైపొరను మెత్తగా ఉంచుతుంది, బ్రెడ్డు పైకి లేవడానికి వీలిస్తుంది. సగం సమయమయ్యాక మూత తీసేస్తే రంగు పట్టి పైపొర గట్టిపడుతుంది. ఈలోపు కుక్కకు తిండి, నాకు స్నానం. నన్నడిగితే కుక్క లేనివాళ్లకే బేకింగ్ కష్టం. వాళ్లను పొద్దున్నే లేపేవాళ్లు ఎవరున్నారు?

ఇక్కడ ఒక గోడు వెళ్లబోసుకోవాలి. కొలత కప్పులతో బేకింగ్ చేసేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. అదే కప్పులో పిండిని వదులుగా పోస్తే 120 గ్రాములు, నొక్కి నింపితే 150 గ్రాములు. ఆ తేడాతో బ్రెడ్డు రాయిలా అయితే ఈస్టును తిడతారు. ఖరీదైన కలిపే యంత్రం కొనే ముందు చిన్న తూకం కొనండి. ఓవెన్ డయల్ మీది అంకెలనూ నమ్మకండి, లోపల పెట్టే చిన్న థర్మామీటరు కొంటే ఓవెన్ ఎన్ని డిగ్రీల అబద్ధం చెబుతోందో తెలుస్తుంది.

సరే, అసలు సంగతి. కుక్క ఉన్న ఇంట్లో బేకింగ్ చేయడానికి సమయం కంటే అలమర తలుపు ముఖ్యం. పొంగుతున్న పచ్చి పిండిని కుక్క మింగితే దాని కడుపు వెచ్చగా ఉంటుంది కాబట్టి పిండి అక్కడ ఇంకా పొంగుతుంది. కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఒకటి, ఈస్టు తయారుచేసే ఆల్కహాలు రక్తంలో కలవడం మరొకటి. చాక్లెట్ సంగతి చాలామందికి తెలుసు కానీ, పాల చాక్లెట్ కంటే మనం కేకుల్లో వాడే కోకో పొడి, చేదు చాక్లెట్ ఎన్నో రెట్లు ప్రమాదమని తెలియదు. అందులోని థియోబ్రొమిన్ అనే పదార్థం మన ఒంట్లోంచి తొందరగా పోతుంది, కుక్క ఒంట్లో సగానికి తగ్గడానికే పదిహేడు గంటలకు పైగా పడుతుంది. చక్కెర లేని తీపి పదార్థాల్లో వేసే జైలిటాల్ ఇంకా ఘోరం. అది కడుపులో పడ్డ కుక్కకు ఇన్సులిన్ ఒక్కసారిగా పెరిగి, అరగంటలోనే రక్తంలో చక్కెర పడిపోవచ్చు, కాలేయం కూడా దెబ్బతినవచ్చు. కొన్ని వేరుశనగ వెన్నల్లోనూ ఇది ఉంటుంది. సీసా వెనుక చిన్న అక్షరాలు చదవకుండా కుక్కకు నాకించకండి.

ఎండుద్రాక్ష సంగతి మాత్రం ఒక కొండ మీద జరిగిన కథతో చెప్పాలి.

ఒకసారి ఓ నడక బృందంతో వెళ్లాం. కుక్కలను తీసుకురావచ్చన్నారు. తెల్లవారుజామున బయలుదేరాలని అనుకున్నాం. కానీ గుంపన్నాక ఒకరు నిద్ర లేవరు, ఇంకొకరు బూట్లు మరిచిపోతారు. ఎక్కడం మొదలుపెట్టేసరికి ఎండ ముదిరింది. దారంతా చెట్టులేని బండ. సగం దూరం వెళ్లాక బొగ్గు ఒక పొద నీడలో కూర్చుండిపోయాడు. నాలుక వెడల్పుగా బయటికి వేలాడుతోంది, పిలిస్తే చెవులు కూడా కదపడం లేదు.

"మొండికేసింది, పట్టీ పట్టుకుని లాగండి" అన్నాడు బృందాన్ని నడిపించే ఆయన.

కుక్క మొండికేయడానికీ, ఇక నా వల్ల కాదని చెప్పడానికీ తేడా తెలియని మనిషి కొండదారిలో అందరికీ ముందు నడుస్తున్నాడంటే నాకు మతిపోయింది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. పట్టేది అరికాళ్లకే, అదీ ఏ మూలకూ చాలదు. వేడి బయటికి పోవాలంటే ఒగర్చడమే దారి. దాని మామూలు ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీలు. 41 దాటిందంటే వడదెబ్బే. నల్లటి బొచ్చయితే చెప్పనక్కర్లేదు. నేను అరచేతి వెనుకవైపు బండకు ఆనించి చూశాను. ఏడు అంకెలు లెక్కపెట్టేదాకా కూడా ఆనించలేకపోయాను. మనం మందపాటి బూట్లేసుకుని ఆ బండ మీద నిలబడి, ఉత్త కాళ్లతో ఉన్నవాడిని మొండివాడంటున్నాం.

"శిఖరం అదిగో, కనిపిస్తూనే ఉంది కదా" అన్నారొకరు. శిఖరాలెప్పుడూ కనిపిస్తూనే ఉంటాయి.

నేను ఆగిపోతానని చెప్పి, సీసాలో నీళ్లు వాడి పొట్ట మీద, తొడల లోపల, అరికాళ్ల మీద పోసి టోపీతో విసరడం మొదలుపెట్టాను. ఒకాయన తడి తువ్వాలు కప్పమన్నాడు. కప్పి వదిలేస్తే కాసేపటికి అదే వేడెక్కి లోపలి వేడిని బయటికి పోనివ్వదు. నీళ్లూ గాలీ కలిస్తేనే చల్లబడుతుంది. ఈ మాటలు జరుగుతుండగానే, నా వెనుక ఒక పెద్దావిడ సంచి విప్పి, "పాపం, ఆకలేస్తోందేమో, నీరసపడిపోయింది నాన్నా" అంటూ తను చేసుకొచ్చిన పండ్ల కేకులోంచి ముక్క తుంచారు. ముక్క నిండా ఎండుద్రాక్ష. వాడి నోటికి జానెడు దూరంలో ఉండగా ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

అందరూ మాటలాపేశారు. ఆవిడ ముఖం చిన్నబోయింది. "నా కేకులో విషం ఉందా అమ్మా?" అన్నారు.

మనకు కాదండీ, వాడికి ఉంది, అన్నాను. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కల మూత్రపిండాలను పాడుచేయగలవు. ఒక కుక్క గుప్పెడు తిని కూడా బాగానే తిరుగుతుంది, ఇంకొకటి కొన్ని గింజలకే మంచాన పడుతుంది. ఇంత తింటే ఫరవాలేదని చెప్పగల కొలత ఏదీ లేదు. కారణం ద్రాక్షలో ఉండే టార్టారిక్ ఆమ్లం కావచ్చని 2021లో అమెరికా పశువైద్యులు రాశారు. ఆ అనుమానం ఎలా వచ్చిందో తెలుసా? పిల్లలు ఆడుకోవడానికి ఇంట్లో చేసే పిండిముద్ద తిన్న కుక్కలకు కూడా అవే లక్షణాలు కనిపించాయట. ఆ ముద్దలో ఉన్నది క్రీమ్ ఆఫ్ టార్టార్, అంటే అదే ఆమ్లపు లవణం, గుడ్డు తెల్లసొన నురగ నిలవడానికి మనం వేస్తామే, అదే. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ డబ్బా కూడా పై అరకెక్కింది.

ఇదంతా చెబుతుంటే ఒకాయన అడ్డొచ్చి, "మా ఇంట్లో కుక్క ఏళ్ల తరబడి అన్నీ తింటోంది, ఏమీ కాలేదు" అన్నాడు. ఈ మాట అనే మనిషి ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. కళ్లు మూసుకుని రోడ్డు దాటి బతికినవాడు రోడ్డు గురించి మనకు చెప్పగలిగేది ఏముంటుంది?

గుంపు శిఖరానికి వెళ్లిపోయింది. పెద్దావిడ వెళ్లలేదు. కోపంగానే ఉన్నారు కానీ, గొడుగు తెరిచి బొగ్గు మీద పట్టారు. చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. ఒగర్పు తగ్గి వాడు లేచి నీళ్లు తాగాక, సంచిలోంచి నా బ్రెడ్డు తీసి కోశాను. ఆవిడ ఒక ముక్క నమిలి, "పైపొర బాగుంది, ఉప్పు తక్కువైంది" అన్నారు. పిండి బరువులో రెండు శాతం ఉప్పు వేస్తాను, అది లోకమంతా ఒప్పుకున్న లెక్క. అయినా వాదించలేదు, గొడుగు ఆవిడ చేతిలో ఉంది మరి. ఆ తర్వాత ఆవిడ కేకు నేను తిన్నాను. చాలా బాగుంది. ముందు రాత్రే ఎండుద్రాక్షను నానబెడతారట, అందుకే పిండిలోని తడిని అవి పీల్చేసుకోవట. ఆ కిటుకు నాకు అప్పటిదాకా తెలియదు.

ఎండ దిగాక ముగ్గురం నెమ్మదిగా కిందికి వచ్చేశాం. పైకి వెళ్లినవాళ్లు ఫోటోలు చూపించారు. ఏ ఫోటోలో చూసినా వాళ్లే ఉన్నారు, కొండ లేదు.

ఇప్పుడు మా నడకలన్నీ మాకు మేమే. తెల్లవారుతూనే మొదలు, ఎండెక్కేలోగా కిందికి. వాడు ఆగితే ఆగుతాను. ఆగినచోటల్లా నాకేమీ కనిపించదు, వాడికి మాత్రం నిన్నటి నుంచి ఎవరెవరు వచ్చి వెళ్లారో అంతా తెలుస్తుంది. మీ కుక్క ఇంకా కూన అయితే పెద్ద కొండల జోలికి పోకండి. ఎముకల ఎదుగుదల ముగియడానికి ఏడాది, పెద్ద జాతులకు ఏడాదిన్నర దాకా పడుతుంది. పగ్, బుల్‌డాగ్‌లాంటి చదును ముక్కు కుక్కలను ఎండలో ఎక్కించడం మాత్రం ఏ వయసులోనూ వద్దు, వాటికి ఒగర్చడమే సరిగా చేతకాదు. దారిలో పట్టీ విప్పి, మన మీదికి దూసుకొస్తుంటే దూరం నుంచి "ఏమీ చేయదండీ" అని అరిచేవాళ్లు కూడా ఉంటారు. మీది చేయదు సరే, భయపడితే మాది ఏం చేస్తుందో మీకు తెలుసా?

బొగ్గుకు కూడా బిస్కెట్లు చేస్తాను. ఓట్స్ పొడి, ఉడికించి మెదిపిన గుమ్మడి, ఒక గుడ్డు. ఉప్పు లేదు, చక్కెర లేదు. పల్చగా పరిచి 150 డిగ్రీల్లో తేమంతా పోయేదాకా ఆరబెడితే సంచిలో నలగవు. కుక్క తోడేలు సంతతి కదా, ధాన్యం పెట్టకూడదని కొందరు కొట్లాటకు వస్తారు. 2013లో కుక్కల, తోడేళ్ల జన్యువులను పోల్చి చూసినప్పుడు, పిండిపదార్థం అరిగించే జన్యువు ప్రతులు తోడేలుకు రెండే ఉంటే కుక్కలకు అంతకంటే చాలా ఎక్కువ ఉన్నాయని తేలింది. మనతో బతికి మన తిండికి అలవాటుపడ్డ జంతువది. అయితే చిరుతిండి రోజు మొత్తం తిండిలో పదో వంతు దాటకుండా చూసుకోండి. వాడు చూసే చూపుకు ఈ లెక్క నిలవడం కష్టమే.

ఏదైనా తినకూడనిది తినేస్తే వెంటనే పశువైద్యుడికి ఫోన్ చేయండి, ఏం తిందో, ఎంత తిందో, కుక్క బరువెంతో చెప్పండి. ఉప్పునీళ్లు తాగించి కక్కించమనే సలహా వింటే మాత్రం పట్టించుకోకండి, ఆ ఉప్పే ప్రాణం మీదికి తెస్తుంది.

చివరగా పిడుదులు. గడ్డిలో తిరిగొచ్చిన రోజు చెవుల లోపల, పట్టీ కింద, చంకల్లో, వేళ్ల మధ్య తడిమి చూడండి. దొరికితే సన్నని మొనలున్న శ్రావణంతో చర్మానికి ఆనించి తల దగ్గర పట్టుకుని, తిప్పకుండా నిటారుగా లాగేయండి. అగ్గిపుల్లతో కాల్చాలని, కిరోసిన్ పూయాలని ఈ జవాబు కింద ఎవరో ఒకరు తప్పకుండా రాస్తారు. అలా చేస్తే పిడుదు తన నోట్లోని జబ్బును మరింతగా లోపలికి వదలవచ్చు. వాళ్లకు నేను బదులివ్వను, పొద్దున్నే ఓవెన్ పని ఉంది.