మోడల్ జిగురు ఇంట్లోనే కలుపుతున్నా.. తలనొప్పి వస్తోంది, ప్రమాదమా?

ప్రశ్న: నా వయసు 36. ప్లాస్టిక్ మోడల్ కిట్లు, అంటే చిన్న చిన్న విమానాలు, ట్యాంకులు అతికించడం నా హాబీ. కొనే సిమెంట్ (ప్లాస్టిక్ ముక్కలు అతికించే ద్రవం) సీసా ఇంతే ఉంటుంది, ఇట్టే అయిపోతుంది, అందుకని ఇంట్లోనే కలపడం మొదలుపెట్టాను. మొదట నెయిల్ పాలిష్ రిమూవర్ వాడితే సరిగా అతకలేదు. ఇప్పుడు పెయింట్‌ను పల్చబరిచే ఎన్‌సీ థిన్నర్‌లో కిట్ ఫ్రేమ్ ముక్కలు కరిగించి గాజు సీసాలో పెట్టుకుంటున్నా. కొంతకాలంగా ఆ పని చేసిన రోజు సాయంత్రం తల పట్టేసినట్టుంటోంది, కాస్త వికారం కూడా. వేళ్ల చివర్లు తెల్లగా పొడిబారి పగులుతున్నాయి. మిథైల్ ఇథైల్ కీటోన్ గానీ డైక్లోరోమీథేన్ గానీ వాడితే ఇంకా గట్టిగా అతుకుతుందని ఫ్రెండ్ అంటున్నాడు. మాస్క్ పెట్టుకునే చేస్తున్నాను. నా భార్య ఐదో నెల గర్భవతి. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ టెన్షన్ సంగతి చూద్దాం. పని చేసిన రోజే తలనొప్పి రావడం, బయటి గాలిలో కాసేపు తిరిగితే గంట రెండు గంటల్లో తగ్గిపోవడం.. ఇదీ వరసైతే అది సాల్వెంట్ (థిన్నర్ లాంటి కరిగించే ద్రవం) ఆవిరి పీల్చడం వల్ల వచ్చే తాత్కాలిక ఇబ్బందే, మెదడుకో లివర్‌కో ఏదో అయిపోయిందని కాదు. స్కానింగులేమీ అక్కర్లేదు. అయితే ఒకటి గమనించండి. జిగురు సీసా మూతే తీయకుండా, కేవలం ఎమరీ పేపర్‌తో రుద్దుతూ కూర్చున్న రోజు కూడా తల నొప్పిస్తోందంటే కారణం వేరే. భూతద్దంలోంచి చూస్తూ మూడు గంటలు మెడ వంచుకుని కూర్చుంటే ఎవరికైనా తల పట్టేస్తుంది, దానికి వెళ్లాల్సింది కళ్ల డాక్టర్ దగ్గరికి.

ఇక అసలు విషయం. మోడల్ అతికించడంలో పెద్ద ప్రమాదం లేదు, ప్రమాదమంతా కలపడంలో, పోయడంలో, పెద్ద డబ్బా ఇంట్లో పెట్టుకోవడంలో ఉంది. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గది తలుపులు కిటికీలు మూసి ఉందనుకోండి. అందులో రెండు టీస్పూన్ల (10 మి.లీ.) మిథైల్ ఇథైల్ కీటోన్ ఒలికి మొత్తం ఆవిరైపోతే గాలిలో దాని మోతాదు దాదాపు 95 పీపీఎం అవుతుంది, అంటే పది లక్షల పాళ్లలో 95 పాళ్లు. అమెరికా కార్మిక భద్రతా నిబంధనల్లో దీనికి 8 గంటల సగటు పరిమితి 200. అదే రెండు టీస్పూన్ల డైక్లోరోమీథేన్ ఒలికితే దాదాపు 135 పీపీఎం అవుతుంది, దానికి అవే నిబంధనల్లో 8 గంటల సగటు పరిమితి 25, పావుగంటకైతే 125. అర్థమైందిగా, అదే చెంచా, అదే గది, కానీ ఒకటి పరిమితిలో సగం దగ్గరే ఆగితే రెండోది ఒక్కసారి ఒలికితేనే దాటేసింది. మీరు ఒక సాయంత్రం అతుకుల మీద బ్రష్‌తో రాసేది మహా అయితే ఒక మి.లీ. ఉంటుందేమో. తలనొప్పి తెప్పించేది అది కాదు, ముక్కలు కరుగుతున్నాయో లేదో అని పదే పదే మూత తీసి కలిపే ఆ వెడల్పు మూతి సీసా.

అందుకే డైక్లోరోమీథేన్ జోలికి అస్సలు వెళ్లకండి. అది బాగా అతికిస్తుంది, మీ ఫ్రెండ్ అబద్ధం చెప్పలేదు. కానీ అది ఒంట్లోకి వెళ్లాక లివర్ దాన్ని కార్బన్ మోనాక్సైడ్‌గా మారుస్తుంది, అంటే తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి వల్ల ప్రాణం తీసే వాయువే మీ రక్తంలో తయారవుతుంది. పైగా కొంత సాల్వెంట్ కొవ్వులో దాగి ఉండి మెల్లగా విడుదలవుతుంది కాబట్టి గదిలోంచి బయటికి వచ్చాక కూడా కొన్ని గంటలపాటు రక్తంలో ఆ వాయువు మోతాదు పెరుగుతూ పోవచ్చు. ఇంకో తిరకాసు ఏమిటంటే, వేలికి పెట్టుకునే పల్స్ ఆక్సీమీటర్ దీన్ని పట్టుకోలేదు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ ఉన్న రక్తంగానే లెక్కేసి 98 అని చూపిస్తుంది, మనం హమ్మయ్య అనుకుంటాం. ఆసుపత్రిలో రక్తం తీసి కో-ఆక్సిమెట్రీ (కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని విడిగా కొలిచే పరీక్ష) చేస్తే తప్ప అసలు సంగతి బయటపడదు. గుండె రక్తనాళాల్లో పూడికలున్న వాళ్లకు ఇది ఛాతీనొప్పి తెప్పించగలదు. వాసన వస్తే జాగ్రత్త పడదాంలే అనుకోవడానికీ లేదు, దీని వాసన ముక్కుకు తెలిసేసరికే పరిమితి దాటిపోయి ఉంటుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం బలంగా ఉన్న 2ఏ గ్రూపులో పెట్టింది. అమెరికా 2019లో ఇళ్లలో వాడే పెయింట్ రిమూవర్లలో దీన్ని నిషేధించి, 2024లో సాధారణ వినియోగదారుల వాడకం మొత్తాన్నే నిషేధించింది. ఇన్ని కబుర్లున్న దాన్ని ఒక బొమ్మ విమానం రెక్క కోసం ఇంట్లోకి తేవడం దేనికి?

థిన్నర్ విషయంలో నా అభ్యంతరం వేరు. అది ఒక పదార్థం కాదు, కలగూరగంప. టోలుయిన్, అసిటోన్, రకరకాల ఎస్టర్లు, ఆల్కహాల్స్ ఏ పాళ్లలో ఉన్నాయో కంపెనీని బట్టి మారుతుంది, చాలా డబ్బాల మీద రాసి కూడా ఉండదు. కొన్నింటిలో ఎన్-హెక్సేన్ ఉండవచ్చు, అది ఒంట్లో 2,5-హెక్సేన్‌డయోన్‌గా మారి కాళ్లూ చేతుల నరాలను దెబ్బతీస్తుంది. మిథైల్ ఇథైల్ కీటోన్ ఒక్కటే ఉన్నప్పుడు నరాలకు అంత హాని చేయదు గానీ, హెక్సేన్‌తో కలిసిందంటే ఆ హానిని పెంచుతుంది. అందుకే థిన్నర్‌లో ఇంకాస్త ఇది కూడా పోస్తే బలంగా ఉంటుంది కదా అన్న ఆలోచన నాకు నచ్చదు. పాదాల్లో తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు ఉండటం, చెప్పు జారిపోతున్నా తెలియకపోవడం లాంటివి ఉంటే ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్ట్‌కు చూపించుకోండి. మీరు రాసిన లక్షణాల్లో అవి లేవు, మంచిదే. ఇంకో మాట, పని అయ్యాక అదే సాయంత్రం మందు తాగే అలవాటుంటే మానుకోండి, ఆల్కహాల్ ఉన్నప్పుడు టోలుయిన్ ఒంట్లోంచి బయటికి పోవడం నెమ్మదిస్తుంది.

మరి ఏం వాడాలి? డాక్టర్‌గా అడిగితే కొన్న సీసానే వాడమంటాను, ఆ చిన్న సీసానే అసలు రక్షణ కాబట్టి. ఇరుకు మూతి, మూతకే బ్రష్, ఒలికినా పెద్దగా ఒలకదు. తమియా ఎక్స్‌ట్రా థిన్ లాంటి వాటిలో ఉండేది అసిటోన్, బ్యూటైల్ అసిటేట్, అంతే, బ్రహ్మ రహస్యమేమీ కాదు. ఇవి జిగురులా పట్టుకోవు, కిట్ ముక్కల ప్లాస్టిక్ అయిన పాలిస్టైరీన్ పైపొరను కరిగిస్తాయి, రెండు ముక్కల కరిగిన పొరలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి సాల్వెంట్ ఎగిరిపోయాక ఒకే ముక్కవుతాయి. నెయిల్ పాలిష్ రిమూవర్ అతకకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది, అందులో నీళ్లు, నూనెలు, సెంటు కలుపుతారు. ఇంట్లోనే కలుపుకోవాలని పట్టుబడితే మాత్రం లేబుల్ మీద ఒకే ఒక్క పదార్థం పేరున్న సీలు డబ్బా, దొరికిన వాటిలో అతి చిన్నది తీసుకోండి, ఆరుబయట పోసుకోండి. మిథైల్ ఇథైల్ కీటోన్ అడిగితే పొరపాటున మిథైల్ ఇథైల్ కీటోన్ పెరాక్సైడ్ ఇవ్వొచ్చు, ఫైబర్ గ్లాస్ పనిలో హార్డెనర్‌గా వాడతారు దాన్ని. పేరు చివర ఒక్క మాటే తేడా, కానీ అది కంట్లో పడితే చూపు పోగలదు. లేబుల్ రెండుసార్లు చదవండి. వాసన తక్కువ కావాలంటే లిమోనీన్‌తో చేసిన సిమెంట్లు కూడా ఉన్నాయి, నిదానంగా పనిచేస్తాయి, కొందరికి చర్మం మీద అలర్జీ తెప్పిస్తాయి.

మీ మాస్క్ గురించి చెప్పాలంటే, గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు, ఎన్95 ఏదైనా ఆవిరిని ఆపదు, అవి దుమ్ముకు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ (సాల్వెంట్ ఆవిరిని పట్టే ఫిల్టర్ డబ్బా) ఉన్న రెస్పిరేటర్ వేరే, అది కూడా డైక్లోరోమీథేన్‌ను ఎక్కువసేపు ఆపలేదు. మాస్క్ కన్నా కిటికీ మేలు. సీలింగ్ ఫ్యాన్ ఆవిరిని గదంతా తిప్పుతుందే తప్ప బయటికి పంపదు, ఏసీ కూడా అంతే. కిటికీ పక్కన కూర్చుని, మీ మీదుగా పోయిన గాలి బయటికి వెళ్లేలా చూసుకోండి. వాసన రావట్లేదు కదా అని ధీమా వద్దు, ఇరవై నిమిషాలు ఆ గదిలో ఉంటే ముక్కు అలవాటు పడిపోతుంది. ఈ ఆవిర్లన్నీ గాలి కన్నా బరువు, నేల మీద పరుచుకుంటాయి, కాబట్టి నేల మీద పాకే పిల్లలకు, పెంపుడు జంతువులకు మీకంటే ఎక్కువ అందుతాయి, దూరంగా ఉన్న స్టవ్ దాకా పాకి మంట తెచ్చుకోగలవు కూడా. మిథైల్ ఇథైల్ కీటోన్ సున్నా కంటే తొమ్మిది డిగ్రీలు తక్కువ చలిలో కూడా అంటుకునేంత ఆవిరి వదులుతుంది.

మీ భార్య విషయం. పక్క గదిలోకి అప్పుడప్పుడు వాసన వచ్చినందుకు బిడ్డకు ఏదో అయిపోయి ఉంటుందని ఇద్దరూ బెంగ పెట్టుకోకండి. గర్భంలో బిడ్డకు టోలుయిన్ వల్ల స్పష్టంగా హాని జరిగినట్టు కనిపించింది మత్తు కోసం దాన్ని రోజూ పీల్చే తల్లుల్లో. అయినా కాన్పు అయ్యేదాకా ఇంట్లో కలపడం ఆపేయండి, అతికించే పని కూడా ఆమె లేని గదిలో, తలుపు వేసుకుని, కిటికీ తీసుకుని చేసుకోండి. తర్వాతి చెకప్‌లో గైనకాలజిస్ట్‌కు ఒక మాట చెప్పి ఉంచండి. రేపు ఇంట్లో పిల్లలు తిరుగుతారు కాబట్టి ఇప్పటినుంచే ఒక అలవాటు చేసుకోండి: సాల్వెంట్‌ను నీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో ఎప్పుడూ పోయొద్దు. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి, వాంతితో పాటు అది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా అవుతుంది, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. కంట్లో పడితే కాంటాక్ట్ లెన్సులు తీసేసి కనీసం పావుగంట ధారగా నీళ్లతో కడిగి డాక్టర్‌కు చూపించండి. బ్రష్ మొనను పెదవులతో సన్నగా చేసుకునే అలవాటు చాలామంది మోడలర్లకు ఉంటుంది, మీకూ ఉంటే ఈ రోజే మానేయండి.

వేళ్ల పగుళ్లకు కారణం సాల్వెంట్ చర్మంలోని సహజమైన నూనెను లాగేయడమే. అంటుకున్న జిగురు పోవడానికి మళ్లీ థిన్నర్‌తోనే చేతులు కడుక్కుంటున్నారేమో, అదే ఎక్కువ చెరుపు చేస్తుంది. గోరువెచ్చని నీళ్లు, సబ్బు చాలు, తడి ఆరకముందే పెట్రోలియం జెల్లీ రాసుకోండి, పడుకునే ముందు ఇంకోసారి. పల్చటి నైట్రైల్ గ్లౌజుల్లోంచి అసిటోన్, కీటోన్లు కొద్ది నిమిషాల్లోనే లోపలికి వచ్చేస్తాయి, తడిసిన గ్లౌజు వేసుకుని ఉండటం ఒట్టి చేతులకంటే అన్యాయం, తడవగానే తీసేయండి. స్టెరాయిడ్ క్రీములు మీ అంతట మీరు కొనుక్కుని రాయకండి. రెండు వారాల్లో పగుళ్లు మానకపోతే, లేదా దురద, నీటిపొక్కులు మొదలైతే స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి, వెళ్లేటప్పుడు ఆ థిన్నర్ డబ్బా లేబుల్ ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి.