పక్క చెరువు మోతాదు మీ చెరువుకు సరిపోదు

ప్రశ్న: అయ్యా, మెరక పొలంలో తవ్వించిన 4 ఎకరాల చేపల చెరువు మాది. లోతు 5 అడుగులు. ఈ ఏడాది చాలావరకు వాన నీటితోనే నిండింది. నాచు పెరిగి పైన పచ్చటి తెట్టు కడితే, మందుల దుకాణంలో ఎకరానికి 10 కిలోల మైలుతుత్తం (రాగి ఉండే కాపర్ సల్ఫేట్) చల్లమన్నారు. ఉదయం చల్లాం. సాయంత్రానికి చిన్న శీలావతులు గట్టు వెంట చచ్చి తేలాయి. మర్నాడు తెల్లవారకముందే పెద్ద బొచ్చెలు నోళ్లు తెరిచి పైకొచ్చి పోయాయి. బోరు నీరు పెట్టే పక్క రైతు అంతే చల్లినా ఆయన చేపకు ఏమీ కాలేదు. తరువాత పరీక్ష చేయిస్తే ఆల్కలినిటీ (నీటిలో కరిగిన కార్బొనేట్ల వంటి క్షారాల మోతాదు) మాకు 60, ఆయనకు 180 పీపీఎం (పది లక్షల పాళ్లలో అన్ని పాళ్లు) వచ్చింది. మందు కల్తీదా? ఇప్పుడు సున్నం చల్లమంటున్నారు, చల్లవచ్చా?
– ఒక రైతు, ఏలూరు జిల్లా

జవాబు: మీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. కల్తీ అనుకోనక్కరలేదు. మీరు రాసిన ఆ రెండు అంకెల్లోనే కారణం ఉంది.

ఎకరం విస్తీర్ణంలో 5 అడుగుల నీరంటే సుమారు 6,170 ఘనపు మీటర్లు. అందులో 10 కిలోలు కలిస్తే 1.6 పీపీఎం అవుతుంది. మైలుతుత్తానికి పాటించే లెక్క ఒకటుంది: ఆల్కలినిటీని 100తో భాగించగా వచ్చినదే గరిష్ఠ మోతాదు. పక్క చెరువుకు అది 1.8, అంటే ఎకరానికి 11 కిలోలు. మీకు 0.6 మాత్రమే, ఎకరానికి 4 కిలోలు కూడా నిండవు. ఆల్కలినిటీ ఉన్న నీటిలో రాగి చాలావరకు కార్బొనేట్లతో కలిసి విషం తగ్గుతుంది. వాన నీటిలో ఆ అడ్డు లేదు. రాగి నేరుగా మొప్పలకు తగులుతుంది, శరీరంలోని ఉప్పు నిలవదు. చచ్చిన శీలావతి మొప్ప ఎత్తి చూసి ఉంటే తెల్లటి జిగురు కనిపించి ఉండేది. ఆల్కలినిటీ 50కి తగ్గితే నేనైతే మైలుతుత్తం ముట్టుకోనివ్వను.

తెల్లవారుజామున బొచ్చెలు పోవడానికి కారణం వేరు. చచ్చిన నాచు కుళ్లుతూ నీటిలోని ఆక్సిజన్ తినేసింది. రాత్రంతా తగ్గుతూ వచ్చిన ఆక్సిజన్ ఆ వేళకు అడుగంటుతుంది, ముందుగా పెద్ద చేపకే ఊపిరి అందదు. అప్పటికే రాగితో దెబ్బతిన్న మొప్పలు కదా, ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ పీల్చుకోలేకపోయాయి.

సున్నం ఇప్పుడు వద్దు. కాల్చిన సున్నం పడితే పీహెచ్ ఒక్కసారిగా పెరుగుతుంది; కుళ్లిన నాచు నుంచి వచ్చిన అమ్మోనియా అప్పుడు మరింత విషమవుతుంది. మేత ఆపండి. చచ్చిన చేపను రోజూ ఏరి దూరంగా పాతిపెట్టండి. పాత నీరు కొంత తీసి, పక్క రైతు ఒప్పుకుంటే ఆయన బోరు నీరే పెట్టండి, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు రాత్రంతా తిప్పండి. కొత్త మందు ఎవరు ఇచ్చినా ఈ వారం చెరువులో పడనివ్వకండి.

చేప తేరుకున్నాక కాల్చని సున్నపురాయి పొడి చల్లితే ఆల్కలినిటీ మెల్లగా పెరుగుతుంది. మళ్లీ నాచు కడితే ముందు నీరు పరీక్ష చేయించి, ఆ అంకెతో కిలోలు లెక్కకట్టండి. ఎండ బాగా ఉన్న ఉదయం, చెరువులో నాలుగో వంతుకు మాత్రమే చల్లి, మిగతాది వారం ఆగి చూడండి.