పాఠకుల ప్రశ్నలు - మా జవాబులు: తక్కువ ఖర్చులో అబ్సింత్ ఫౌంటెన్

ప్రశ్న: చిల్లుల చెంచాపై చక్కెర బిళ్ల ఉంచి, దాని మీదుగా చన్నీళ్లను చుక్కలు చుక్కలుగా వదులుతూ సోంపు వాసన గల గాఢమైన మద్యం అబ్సింత్‌ను కలుపుకునే పాత పద్ధతిని మిత్రులతో కలిసి ఒకసారి చూడాలని ఉంది. అందుకు వాడే ఫౌంటెన్ల ధరలు మాత్రం అందుబాటులో లేవు. నా దగ్గర కుళాయి ఉన్న గాజు జాడీ ఒకటి ఉంది. దానితో ఇంట్లోనే ఫౌంటెన్ చేసుకోవచ్చునా? ఏ భాగానికి ఖర్చు పెట్టాలి, దేనికి అక్కరలేదు?

జవాబు: నిస్సందేహంగా చేసుకోవచ్చు. అబ్సింత్ ఫౌంటెన్ అంటే చన్నీళ్ల జాడీ, దానికొక కుళాయి, కింద గ్లాసు పట్టేంత ఎత్తున్న పీఠం, అంతే. కొందరు పొరబడుతున్నట్టుగా అందులో మద్యం పోయరు; మద్యం గ్లాసులోనే ఉంటుంది, జాడీలో ఉండేది మంచుగడ్డలూ నీళ్లూ మాత్రమే. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి కఫేలలో ఒకే జాడీకి రెండు, నాలుగు, ఆరు కుళాయిలు అమర్చి బల్ల మధ్యలో పెట్టేవారు. 1910లో స్విట్జర్లాండ్‌లోనూ 1915లో ఫ్రాన్స్‌లోనూ అబ్సింత్ నిషేధానికి గురి కావడంతో ఆ సామగ్రికి పనిలేకుండా పోయింది, మిగిలినవి పురావస్తువులుగా మారి సేకరణకర్తల చేతుల్లోకి వెళ్లాయి. 2005లో స్విట్జర్లాండ్ నిషేధాన్ని ఎత్తివేసినా, పాత నమూనాలో కొత్తగా తయారయ్యే వాటికి కూడా ఆ పురాతన హోదాకు తగిన ధరే పలుకుతోంది. మీరు చెల్లించేది చాలావరకు ఆ నగిషీకే గాని నీటిని చుక్కలుగా వదిలే సామర్థ్యానికి కాదు.

ఖర్చు పెట్టదగినది ఒక్క కుళాయి మీదనే అని నా అభిప్రాయం. కారణం చెబుతాను. అబ్సింత్‌కు దాని వాసనను ఇచ్చే వాటిలో ముఖ్యమైనది సోంపులోనూ ఆనిస్ గింజల్లోనూ ఉండే అనెథోల్ అనే తైలం. అది గాఢమైన ఆల్కహాల్‌లో కరుగుతుంది, నీటిలో దాదాపు కరగదు. అందువల్ల నీరు కలిసేకొద్దీ ఆ తైలం అతి సూక్ష్మమైన బిందువులుగా విడిపోయి, పారదర్శకంగా ఉన్న ద్రవం పాలలా తెల్లబడుతుంది. దీనినే లూష్ అంటారు. నీటిని ఒక్కసారిగా గుమ్మరించినా తెల్లబడక మానదు. కాని 45 నుంచి 74 శాతం ఆల్కహాల్ ఉండే ఆ ద్రవంలో చక్కెర సరిగా కరగదు కనుక పైనుంచి వచ్చే నీరే దానిని కరిగించుకుని దిగాలి. పైగా ఒక పాలు మద్యానికి మూడు పాళ్ల నీరు చాలునా, అయిదు పాళ్లు కావాలా అన్నది తాగేవారి రుచిని బట్టి తేలవలసిన విషయం కాబట్టి, కావలసిన చోట ఆపగలిగే వీలు ఉండాలి. నెమ్మదితనం వల్ల ఒరిగే ప్రయోజనం ఇదే.

జాడీతో పాటు వచ్చే మామూలు కుళాయి షర్బత్ పోసుకోవడానికి చేసినది. తెరిస్తే ధార, మూస్తే ఏమీ లేదు. దానిని కొద్దిగా తిప్పి చుక్కల దగ్గర నిలబెట్టాలని చూస్తే కాసేపటికే ఆగిపోతుంది, లేదా ఉన్నట్టుండి ధార కడుతుంది. దాని స్థానంలో సన్నటి సూది మొనతో దారిని కొంచెం కొంచెంగా తెరిచే నీడిల్ వాల్వ్ ఉన్న స్టెయిన్‌లెస్ స్టీల్ కుళాయిని బిగించండి. ఇత్తడిలో తరచు కొద్దిపాటి సీసం కలుస్తుంది కనుక, సీసం లేనిదని స్పష్టంగా రాసి ఉంటే తప్ప ఇత్తడి కుళాయి వద్దు. కొనేముందు జాడీ రంధ్రం వ్యాసాన్ని కొలుచుకోండి. గాజుకు లోపలా బయటా ఆహార పదార్థాలకు పనికివచ్చే సిలికాన్ వాషర్లు వేసి, నట్టును చేతితోనే బిగించండి. పానాతో ఒక్క చుట్టు ఎక్కువ తిప్పితే వాషర్ నలగడం కాదు, జాడీయే బీటలు వారుతుంది. తర్వాత జాడీ నింపి, కుళాయి కింద పొడి కాగితం పరిచి రాత్రంతా వదిలేయండి. కంటికి కనిపించని ఊట కూడా తెల్లవారేసరికి కాగితంపై తడి మరకగా బయటపడుతుంది.

ఇక వేగం సంగతి. సెకనుకు ఒక చుక్క చొప్పున పడాలని కొందరు నియమంగా చెబుతారు గాని, లెక్క వేసిన వారెవరూ ఆ మాట అనరు. ఒక చుక్క సుమారు మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు. 30 మిల్లీలీటర్ల అబ్సింత్‌కు నాలుగు పాళ్ల నీరంటే 120 మిల్లీలీటర్లు, అంటే దాదాపు 2400 చుక్కలు. సెకనుకు ఒకటి చొప్పున పడితే 40 నిమిషాలు పడుతుంది. చక్కెర బిళ్ల తడిసి అంచులు జారడం మొదలయ్యేదాకా సెకనుకు రెండు మూడు చుక్కలు ఉంచి, ఆ తర్వాత చుక్కలు కలిసి సన్నని దారంలా మారే వరకు వాల్వ్‌ను తెరవండి. నాలుగైదు నిమిషాల్లో గ్లాసు సిద్ధమవుతుంది.

జాడీ మూత బిగుతుగా ఉన్నట్లయితే దానికి చిన్న రంధ్రం ఒకటి ఉండాలి, లేదా మూతను కాస్త వదులుగా పెట్టాలి. నీరు దిగిన మేరకు పైనుంచి గాలి లోపలికి పోకపోతే చుక్కలు నెమ్మదించి ఆగిపోతాయి, కుళాయిలో ఏ లోపమూ లేకపోయినా జనం దానినే విప్పి చూస్తుంటారు. అలాగే కుళాయికి పైనున్న నీటి మట్టం నాలుగో వంతుకు పడిపోయినప్పుడు వేగం సగానికో అంతకన్నా తక్కువకో తగ్గుతుంది.

పీఠం విషయంలో అందం కన్నా కొలత ముఖ్యం. పాదం ఉన్న అబ్సింత్ గ్లాసులు చాలావరకు 15 సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటాయి. దానిపై చెంచా, చక్కెర బిళ్ల, కాస్త ఖాళీ కలుపుకుంటే కుళాయి మూతి 22 నుంచి 25 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. రెండు గుండ్రటి చెక్కల మధ్య ఒక లావుపాటి చెక్క కాలును మరలతో బిగిస్తే సరిపోతుంది. పై చెక్క జాడీ అడుగంత, కింది చెక్క అంతకన్నా బాగా వెడల్పుగా ఉండాలి, ఎందుకంటే గ్లాసు నిలిచేది కింది చెక్క అంచు మీదే. మంచు వేసిన జాడీ బయటివైపు చెమర్చి చెక్క తడుస్తుంది కనుక రెంటికీ వార్నిష్ పూయండి. రెండు లీటర్ల జాడీ పది గ్లాసులకు తేలికగా సరిపోతుంది. ఒకటికి మించి కుళాయిలు బల్ల మీద దర్పం కోసమే.

ప్రశ్న: నా దగ్గర ఉన్న అందమైన గాజు పూలకూజాకు కుళాయి కోసం రంధ్రం చేయించవచ్చునా?

జవాబు: అది టెంపర్డ్ గాజు అయితే ఆ ఆలోచన మానుకోండి, డ్రిల్లు తగలగానే మొత్తం ముక్కలవుతుంది. మామూలు గాజు అయితే వజ్రపు పొడి అద్దిన గొట్టపు బిట్‌తో, నీటితో తడుపుతూ, తక్కువ వేగంతో, పెద్దగా అదమకుండా రంధ్రం చేయవచ్చు; కళ్లద్దాలూ ముఖానికి మాస్కూ తప్పనిసరి. కాని క్రిస్టల్ కూజాల గాజులో సీసం ఉండవచ్చు. రంధ్రంతోనే తయారై వచ్చిన జాడీ, మీరు కొనవలసిన బిట్ ధరకు అటూ ఇటూగా దొరుకుతుంటే ఈ సాహసం ఎందుకో నాకు అర్థం కాదు.

ప్రశ్న: నేను ఒక్కడినే, అదీ ఎప్పుడో ఒకసారి. ఇంతకన్నా చవకైన మార్గం లేదా?

జవాబు: ఉంది. గ్లాసు అంచుపై కూర్చునే, అడుగున సన్నటి రంధ్రం ఉన్న చిన్న గిన్నెను బ్రూయర్ అంటారు. మంచూ నీళ్లూ అందులోనే పోస్తే అదే చుక్కలుగా దిగుతుంది. అంతకన్నా కచ్చితమైన అదుపు కోరేవారు రసాయనశాలల్లో ఒకదానిలో ఒకటి కలవని ద్రవాలను వేరుచేయడానికి వాడే, అడుగున కుళాయి ఉన్న సెపరేటింగ్ ఫనెల్‌ను స్టాండుకు తగిలించి వాడుకోవచ్చు. దాని కుళాయితో నీటిని చుక్కలు చుక్కలుగా వదలవచ్చు. అయితే కొత్తది కొనండి, ప్రయోగశాలలో వాడి తీసేసినది ఎంత కడిగినా నోటికి చేరే నీటికి పనికిరాదు. ఇవేవీ లేకపోతే సన్నటి మూతి ఉన్న కూజాతో, చేయి నిలకడగా ఉంచి పోసుకున్నా అదే పానీయం వస్తుంది. చక్కెర బిళ్లకు నిప్పు ముట్టించే వేడుకను మాత్రం దీనికి జోడించకండి: అది 1990లలో చెక్ దేశంలో మొదలైన అలవాటు, పాత ఫ్రెంచి పద్ధతిలో లేదు, పైగా గ్లాసులోని గాఢమైన మద్యం కూడా అంటుకుంటుంది.