శాతం తర్వాత, ముందు ఆ ఊక ఎలా కాలిందో చెప్పండి

కాంక్రీటులో సిమెంటుకు బదులు ఊక బూడిద ఎంత శాతం కలపవచ్చని అడిగారు. పది, పదిహేను అని అందరూ చెప్పేదే నేనూ చెబుతాను. అయితే ఊకను ఎలా కాల్చారో తెలియకుండా ఆ అంకెకు విలువ లేదు.

నేను కాంక్రీటు పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తాను. ఒక గుత్తేదారు బాయిలర్ అడుగునుంచి తీసిన నల్లటి బూడిద బస్తా పంపి, పదిహేను శాతం కలిపి బలం పరీక్షించే కాంక్రీటు దిమ్మెలు, అంటే క్యూబులు, పోయమన్నాడు. మిక్సరులో పడీపడగానే అది నీళ్లన్నీ పీల్చేసింది. మిశ్రమం పొడిపొడిగా రాలుతోంది. వెంట వచ్చిన మేస్త్రి ఇంకో బకెట్ నీళ్లు ఎత్తాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. నీళ్లు పెరిగితే బలం పోతుందని ఎన్నిసార్లు చెప్పినా పని జరిగే చోట వినేవారేరీ! నీళ్లు పెంచకుండానే మిశ్రమాన్ని జారుగా చేసే రసాయనం, సూపర్ ప్లాస్టిసైజర్‌తో ఎలాగో దారికి తెచ్చి పోశాం. దాని పక్కనే, 600 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చి గుండ్లు తిరిగే బాల్ మిల్లులో మెత్తగా నూరిన బూడిదతో అదే మోతాదులో మరికొన్ని పోశాం. 28 రోజులకు పగలగొట్టి చూస్తే, నూరిన బూడిద క్యూబులు ఉత్త సిమెంటు క్యూబులను మించాయి. నల్ల బూడిదవి చాలా వెనకబడ్డాయి. నాకు ఆ ఒక్క పరీక్ష చాలు.

ఊక బూడిదలో 85 నుంచి 95 శాతం దాకా సిలికా ఉంటుంది. 500–700 డిగ్రీల మధ్య కాలితే అది స్ఫటికం కట్టదు. అలాంటి సిలికాయే, సిమెంటు నీటితో కలిసినప్పుడు పుట్టే కాల్షియం హైడ్రాక్సైడ్‌ను పట్టుకుని గట్టి బంధకంగా మారుతుంది. 800 దాటి ఎక్కువసేపు కాలితే స్ఫటికమై మొద్దుబారుతుంది, ఆ పని సరిగా చేయదు. సరిగా కాలకపోతే కార్బన్ మిగిలి నీళ్లనూ, రసాయనాన్నీ తాగేస్తుంది.

విద్యార్థుల ప్రాజెక్టు నివేదికలు చూస్తే ఒళ్లు మండుతుంది. 5, 10, 15, 20 శాతాలకు రంగురంగుల పటాలు ఉంటాయి. ఏ వేడిలో కాల్చారో, ఎంత మెత్తగా నూరారో ఒక్క వాక్యం ఉండదు. చెరకు పిప్పి బూడిద మీద రాసినవీ అంతే. ఇక మూడో రోజుకే తడపడం మానేసి బూడిదను తిట్టేవారికి ఏం చెప్పాలి? బూడిదలోని సిలికా బంధకంగా మారే చర్య నిదానంగా సాగుతుంది, వారాల తరబడి తడి కావాలి.

మీ బూడిద ఎంత మెత్తగా ఉందో తెలియడానికి ముందు 45 మైక్రాన్ల జల్లెడ పట్టించి పైన ఎంత మిగిలిందో చూడండి, కాలని కార్బన్ ఎంతుందో పరీక్ష చేయించండి. ఊకను ఎలా కాల్చారో రాసి, ఆ రెండు అంకెలూ పంపితే శాతం నేను చెబుతాను.