కరకరమంటున్న బాల్ డిఫ్

ప్రశ్న: అన్నా, నా 1/10 ఆర్‌సీ బగ్గీని (పదో వంతు సైజు రిమోట్ కారు) అనంతపురంలో మా ఇంటి వెనక ఖాళీ జాగాలో నడుపుతుంటాను. వెనక చక్రాన్ని చేత్తో తిప్పితే బాల్ డిఫ్ (రెండు వెనక చక్రాల్నీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే, చిన్న గుండ్లున్న డిఫరెన్షియల్) కరకరమంటోంది. స్పీడు ఇస్తే కీచుమంటోంది. స్క్రూ బిగించినా రెండు రోజులకే మళ్లీ అంతే. కొత్తది కొనాలా?

జవాబు: కొనొద్దు తమ్ముడూ, బిగించడం మాత్రం ఆపు. కరకర అంటే లోపల దుమ్ము చేరినట్టు. మట్టితో బిగిస్తే లోపలి గుండ్లు అవి దొర్లే రింగుల్ని గాడి చేస్తాయి. కీచుమంటే డిఫ్ జారుతున్నట్టు. జారితే వేడి పుడుతుంది, ప్లాస్టిక్ గేర్ పోతుంది. నాదొకటి అలాగే పోయింది.

అంతా విప్పి తుడువు. రింగు మీద గోరు పెట్టి చూడు. గాడి తగిలితే తిరగేసి వాడుకో. రెండో వైపూ అరిగిందా, 600 నంబరు వాటర్ పేపర్ మీద గుండ్రంగా రుద్దు. పేపర్ కింద అద్దం ముక్క ఉండాలి. కడపవాణ్ణి కదా, మొదట్లో ఇంట్లో బండ మీదే రుద్దాను. నడిచి నడిచి నున్నగైన బండ కూడా అద్దమంత సమంగా ఉండదు, రింగు ఒక వైపే అరిగింది.

గుండ్లు మారిస్తే అన్నీ ఒకేసారి మార్చు. ఎక్కువ కిట్లలో అవి 3/32 అంగుళాలవి, అంటే దాదాపు 2.4 మిల్లీమీటర్లు. సైకిల్ షాపులో అడగొద్దు, అక్కడివి లావు. వాటికి పారదర్శకంగా ఉండే సిలికాన్ డిఫ్ గ్రీజే పెట్టాలి. నల్ల గ్రీజు, స్క్రూ ఒత్తిడిని మోసే థ్రస్ట్ బేరింగ్‌కి మాత్రమే. నేను తారుమారు చేసి, బండి ఎందుకు కదలట్లేదా అని ఒక ఆదివారమంతా మోటారు విప్పుకుంటూ కూర్చున్నాను!

బిగించేటప్పుడు కొంచెం తిప్పు, చక్రాలు ఆడించు, మళ్లీ కొంచెం. చాలా కిట్లలో స్ప్రింగ్ పూర్తిగా నొక్కుకున్నాక 1/8 చుట్టు వెనక్కి వదలాలి. నీ కిట్ పుస్తకంలో వేరేలా ఉంటే అదే పాటించు. తర్వాత స్పర్ గేర్‌నీ (మోటారు తిప్పే పెద్ద పళ్లచక్రం) ఒక చక్రాన్నీ కదలకుండా పట్టుకుని రెండో చక్రం తిప్పి చూడు. సులువుగా తిరిగితే ఇంకా వదులే. రెండు చక్రాలూ పట్టుకుని స్పర్ గేర్ తోస్తే ముందు స్లిప్పర్ క్లచ్ (ఎక్కువ బలం పడితే జారి గేర్లను కాపాడేది) జారాలి, డిఫ్ కాదు. సగం బ్యాటరీ నెమ్మదిగా నడిపి మళ్లీ చూసుకో.

రెండు రోజులకే వదులవుతోందన్నావు కదా, నాకు డిఫ్ స్క్రూ బిగుసుకునే టీ నట్ మీదే అనుమానం. స్క్రూ అందులో వేళ్లతోనే తిరిగిపోతుంటే పట్టు పోయినట్టే, ముందు దాన్ని మార్చు.